పాలమూరు, నల్లగొండ సెంటర్లకు సినిమా తెచ్చే ముందు: రాజకీయ గాలిని, జనం రుచిని లెక్కలోకి తీసుకోవడం ఎలా

థియేటర్ లీజుకు తీసుకున్నవాళ్లు, రెండు మూడు సెంటర్లకు సినిమా హైర్‌కు, అంటే వారానికి ఇంతని ముందే మాట్లాడుకున్న అద్దెకు, తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఒక్క అంకె దగ్గర. అది 'నైజాం షేర్', అంటే తెలంగాణ మొత్తం మీద డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాటా. ఆ అంకెలో హైదరాబాద్ మల్టీప్లెక్సుల బరువే ఎక్కువ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హౌస్‌ఫుల్ బోర్డు పడ్డ సినిమాకు సోమవారం అచ్చంపేటలో ఎన్ని టికెట్లు తెగుతాయో ఆ అంకె చెప్పదు. దాన్ని మీ ఊరి క్యాలెండర్, మీ ఊరి మనుషులు, మీ గల్లాపెట్టె చెప్పాలి.

మొదట ఒక సంగతి తేల్చుకోండి. రాజకీయం చేసే పని వేరు, జనం రుచి చేసే పని వేరు. షో పడుతుందా లేదా, పడితే ఏ రేటుకు, ఎన్ని ఆటలు అనేవి రాజకీయం తేలుస్తుంది. దాని దెబ్బయినా లాభమయినా మొదటి మూడు రోజుల్లోనే కనపడుతుంది. సోమవారం మ్యాట్నీకి ఎవరొస్తారన్నది రుచి తేలుస్తుంది. రెండింటినీ ఒకే ఖాతాలో రాసుకుని 'సినిమా ఆడలేదు' అనుకుంటే వచ్చే సినిమాకూ అదే తప్పు చేస్తారు.

ముందు గోడ మీది క్యాలెండర్

విడుదలకు కనీసం ఆరు వారాల ముందు కూర్చుని ఈ రోజులన్నీ గుర్తు పెట్టండి. పోలింగ్, కౌంటింగ్, ఇంటర్, పదో తరగతి పరీక్షలు, ఐపీఎల్, రంజాన్ నెల, పెద్దల అమావాస్య, ఊరి జాతర, కోతలు.

ఎన్నికల దెబ్బ ఒక్క పోలింగ్ రోజుతో పోయేది కాదు. ప్రచారం ఊపందుకున్నాక మీటింగుకు పోతే కూలి, భోజనం దొరుకుతాయి. మీ నేల క్లాసులో కూర్చునే మనిషే ఆ ట్రాక్టర్ ఎక్కుతాడు. ఫస్ట్ షో పోతుంది. రాత్రి పోలీసుల తనిఖీలతో సెకండ్ షో పలచబడుతుంది. 2024లో తెలంగాణలో లోక్‌సభ పోలింగ్ మే 13న జరిగింది. అప్పుడు ఐపీఎల్ నడుస్తోంది, చేతిలో పెద్ద సినిమాలు లేవు. జనం రాకపోవడంతో మే 17 నుంచి పది రోజులు సింగిల్ స్క్రీన్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లే ప్రకటించాల్సి వచ్చింది. ఆ మూడింటిలో ఒక్కటే ఉంటే తట్టుకోవచ్చు. మూడూ ఒకేసారి పడే వారానికి హైర్ ఒప్పుకోకండి. పాత సినిమా కమీషన్ మీద, అంటే వచ్చినదాంట్లో వాటా పంచుకునే లెక్కన, వేసుకోవడమే మేలు.

పంచాయతీ ఎన్నికలు చిన్నవని తేలిగ్గా తీసుకోకూడదు. కల్వకుర్తి, దేవరకొండ, హాలియా లాంటి సెంటర్లకు అసెంబ్లీ ఎన్నికల కంటే అవే బరువు. ప్రతి ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి, వార్డు అభ్యర్థులు, వాళ్ల చుట్టూ పిల్లలు. సాయంత్రం ఎవరూ ఊరు దాటరు. 2025 డిసెంబరులో 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. అలాంటప్పుడు మీ థియేటర్‌కు జనం వచ్చే మండలాలు ఏ విడతలో ఉన్నాయో చూసుకుని లెక్క వేయాలి. ఉపఎన్నిక దీనికి తలకిందులు. 2022 నవంబరు 3న మునుగోడులో పోలింగ్ జరిగిందని మిర్యాలగూడ సెంటర్‌ను కూడా కొట్టేయనక్కర్లేదు. నియోజకవర్గం హద్దు గీసుకుని, దాని లోపలి ఊళ్ల నుంచి మీకెంత జనం వస్తారో అంతే తీసేయండి.

ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పార్టీ ప్రకటన స్లైడ్ అయినా వీడియో అయినా తెర మీద వేయాలంటే మీడియా సర్టిఫికేషన్ కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు ఎన్నికల సంగతేదీ తెర మీద చూపకూడదు. ఎవరో తెలిసినవాళ్లు పెన్‌డ్రైవ్ ఇచ్చారని ఆపరేటర్ వేసేస్తే ఇబ్బంది పడేది లైసెన్సుదారు. రెండోది నగదు. కోడ్ ఉన్నంత కాలం 50,000 రూపాయలు మించి కాగితాలు లేకుండా పట్టుకెళ్తే తనిఖీ బృందాలు స్వాధీనం చేసుకుంటాయి. వారాంతం కలెక్షన్ కారులో పెట్టుకుని హైదరాబాద్‌లోని డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు బయల్దేరే అలవాటు ఉంటే మానుకోండి. బ్యాంకులో వేయండి. తీసుకెళ్లక తప్పకపోతే ఆ మూడు రోజుల డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) కాపీలు, డిస్ట్రిబ్యూటర్ లెటర్ దగ్గర పెట్టుకోండి.

డబ్బు ఎప్పుడు తిరుగుతుందో కూడా క్యాలెండర్ మీద ఉండాలి. 2025 నుంచి రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయలు. అది ఖాతాలో పడగానే థియేటర్ నిండుతుందని లెక్క వేసేవాళ్లున్నారు. అది తప్పు. ఆ పైసలు ముందు విత్తనాలకు, ఎరువులకు, పాత బాకీకి పోతాయి. కుటుంబం మొత్తాన్ని సినిమాకు తెచ్చేది పంట అమ్మిన పైసలు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వడ్ల డబ్బు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు పత్తి డబ్బు, వనపర్తి, గద్వాల వైపు పల్లీల డబ్బు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల నుంచి వడ్ల డబ్బులు ఆలస్యమైతే మీ బాల్కనీ కూడా అంతే ఆలస్యమవుతుంది. కాబట్టి కొనుగోళ్ల వార్తలు సినిమా వార్తల్లాగే చదవండి.

పాలమూరుకు ఇంకో లెక్క ఉంది. ముంబై, పుణె, హైదరాబాద్‌లకు పనికి పోయినవాళ్లు దసరాకు, పీర్ల పండుగకు, కురుమూర్తి జాతరకు ఊరికొస్తారు. కోస్తాలో సంక్రాంతి ఎంతో ఇక్కడ దసరా అంత. జాతర రోజు థియేటర్ ఖాళీగా ఉంటుంది. చుట్టాలు ఇంట్లో ఉండే తర్వాతి రెండు రోజులే మీవి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది, కాబట్టి నిరుటి డీసీఆర్ చూసి సూర్యాపేటకు ఈ ఏడు లెక్క కట్టకూడదు. పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

2023 డిసెంబరు 9న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణాన్ని థియేటర్‌వాళ్లు సరిగ్గా వాడుకోవడం లేదు. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ ఖర్చు లేకుండా టౌనుకొస్తారు, కానీ చీకటి పడకముందే తిరిగి పోవాలి. మ్యాట్నీ 2.30కి కాకుండా 1.45కి వేసి, మీ బస్టాండ్ నుంచి పోయే పల్లె బస్సుల వేళలకు ఆట ముగిసేలా చూడండి. ఇంటిల్లిపాది చూసే సినిమాకు ఈ ముప్పావుగంట మార్పు పోస్టర్ల ఖర్చు కంటే బాగా పనిచేస్తుంది.

సినిమాకు సెగ ఎక్కడి నుంచి

విడుదలకు రెండు వారాల ముందు మూడు సంగతులు కనుక్కోండి. అభ్యంతరం ఎవరికి? వాళ్లు మీ మండలంలో ఎంత గట్టిగా ఉన్నారు? అభ్యంతరం దేని మీద, ఒక సన్నివేశం మీదా, పేరు మీదా, మనిషి మీదా?

సన్నివేశం మీదైతే గండం గడుస్తుంది. 2012 అక్టోబరులో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' విషయంలో తెలంగాణ వాదులు కొన్ని సన్నివేశాల మీద గొడవ చేశారు. చాలాచోట్ల ఆటలు ఆగాయి. తర్వాత ఆ సన్నివేశాలు తీసేశారు. ఇలాంటప్పుడు మీకు మధ్యలో ఒకటి రెండు రోజులు పోతాయి. డిజిటల్ కాపీని మీ ఆపరేటర్ కత్తిరించలేడు, కత్తిరించకూడదు కూడా. సెన్సార్ ఒప్పుకున్న కొత్త కాపీ డిస్ట్రిబ్యూటర్ నుంచి రావాలి, దాన్ని తెరిచే లైసెన్స్ కీ మళ్లీ రావాలి. గొడవ మొదలైన గంటలోనే ఆఫీసుకు ఫోన్ చేసి 'కొత్త కాపీ ఏ ఆటకు అందుతుంది' అని అడిగి, అప్పటిదాకా ఆన్‌లైన్ బుకింగ్ ఆపేయించండి.

అభ్యంతరం మనిషి మీదైతే కోతతో తీరదు. హీరో ఒక పార్టీకి ప్రచారం చేశాడు, నిర్మాత ఎమ్మెల్యే, మాటల రచయిత ఏదో అన్నాడు. అలాంటి సినిమా తెచ్చేటప్పుడు సీఐకి రాతపూర్వకంగా బందోబస్తు అడగండి, రసీదు తీసుకోండి. కాంపౌండ్ లోపల పార్టీ జెండా, నాయకుల ఫ్లెక్సీ ఏదీ కట్టనివ్వకండి. అభిమాన సంఘం వాళ్లు అలిగినా పర్వాలేదు. ఒక పార్టీ ఫ్లెక్సీ కడితే సాయంత్రానికి రెండో పార్టీవాళ్లు వస్తారు, పగిలేది మీ టికెట్ కౌంటర్ అద్దం.

రాజకీయ నాయకుల జీవితాల మీద, పార్టీల మీద తీసిన సినిమాలు ఎన్నికల ముందు వరుసకడతాయి. వాటి మీద మా మాట ఖచ్చితం: ఓట్లను టికెట్లుగా లెక్కపెట్టకండి. 2019 ఎన్నికల ముందు ఎన్టీఆర్ జీవితం మీద రెండు భాగాలుగా వచ్చిన సినిమాకు పెద్ద పేరు, పెద్ద హంగు ఉన్నా కొన్నవాళ్లకు నష్టమే మిగిలింది. కార్యకర్త మొదటి రోజు గుంపుగా వస్తాడు, ఫొటో దిగుతాడు, కొన్నిచోట్ల నాయకుడే టికెట్లు కొని పంచుతాడు. రెండో రోజు ఆ మనిషి రాడు. అలాంటి టోకు టికెట్లను డీసీఆర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి, వాటిని టాక్ కింద లెక్క వేయకండి. ఇంకో పక్క, రాష్ట్రం హద్దు ఎంత తేడా తెస్తుందో కూడా అదే ఏడు కనపడింది. 2019 మార్చి 29న 'లక్ష్మీస్ ఎన్టీఆర్' తెలంగాణలో విడుదలైంది, హైకోర్టు స్టేతో ఆంధ్రలో ఆగిపోయింది. అలాంటప్పుడు కోదాడ, అలంపూర్ లాంటి హద్దు సెంటర్లకు అవతలి నుంచి జనం రావచ్చు. ఆ జనం రెండు మూడు రోజులే అని గుర్తుంచుకుని ఆటలు పెంచుకోవాలి, హైర్ కాదు.

ఊరు మారితే రుచి మారుతుంది

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు అని రెండు ముక్కలుగా చూస్తే చాలదు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడల్లో కృష్ణా, గుంటూరు రుచి కలుస్తుంది. సంక్రాంతి అక్కడ బలం, హీరో అభిమానం గట్టిగా ఉంటుంది, ఓపెనింగ్ పెద్దది, డ్రాప్ కూడా పెద్దదే. అలంపూర్, గద్వాల జనానికి కర్నూలే దగ్గర, అక్కడ ఏది ఆడుతోందో ఇక్కడా అదే ఆడుతుంది. మాస్, ఫైట్లు, పౌరుషం ఉన్న సినిమా సెకండ్ షోకూ నిలబడుతుంది. నారాయణపేట, మక్తల్‌లకు రాయచూర్ దగ్గర, కన్నడ డబ్బింగ్‌ను పరాయిగా చూడరు. భువనగిరి, చౌటుప్పల్, షాద్‌నగర్ కుర్రాళ్లు పెద్ద సినిమాను హైదరాబాద్ పోయి చూస్తారు. అక్కడి థియేటర్లకు మిగిలేది కుటుంబాలు, అందుకని ఆ సెంటర్లలో ఓపెనింగ్ నమ్ముకుని హైర్ కట్టడం ప్రమాదం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే ప్రేక్షకులు గణనీయంగా ఉన్నారు. రంజాన్ నెలంతా వాళ్లు రారు, పండుగ రోజు మ్యాట్నీ నుంచి వస్తారు. ఆ ఒక్క వారానికి హిందీ సినిమాకు రెండు ఆటలు ఇవ్వడం లెక్కకు బాగుంటుంది.

భాష గురించి ఒక అపోహ ఉంది. తెలంగాణ యాసలో ఉంటే చాలు ఇక్కడ ఆడుతుందని. ఒకప్పుడు ఈ యాసను రౌడీకో హాస్యగాడికో ఇచ్చేవాళ్లు, 2014 తర్వాత అది హీరోహీరోయిన్ల నోటికొచ్చింది, జనం సొంతం చేసుకున్నారు. అది నిజమే. 2023 మార్చి 3న వచ్చిన 'బలగం' పెద్ద హీరో లేకుండానే వారాల తరబడి నిలబడింది. ఊళ్లలో తెరకట్టి అందరూ కలిసి చూశారు. కానీ దాన్ని నిలబెట్టింది యాస ఒక్కటే కాదు. చావింట్లో పిట్టకు పెట్టడం, అన్నదమ్ముల అలక, ఆడబిడ్డ కన్నీళ్లు. ప్రతి ఇంట్లో ఉన్న సంగతి అది. చిత్తూరు యాసలో ఉన్న 'పుష్ప' ఇక్కడ ఆడింది, కన్నడ నుంచి డబ్ అయిన 'కాంతార' ఇక్కడ ఆడింది. దేవుడు పూనడం, శివసత్తుల పూనకం చూస్తూ పెరిగిన నేలకు ఆ కథ పరాయిది కాదు. ఇంకోపక్క సిరిసిల్ల యాసకూ పాలమూరు యాసకూ తేడా ఇక్కడివాళ్లు పట్టేస్తారు. నోటికి అంటించుకున్న యాస వింటే మొదటి ఆటకే నవ్వుతారు, ఆ నవ్వు మంచిది కాదు.

అందుకే ట్రైలర్ చూసేటప్పుడు యాస గురించి కాకుండా ఈ ప్రశ్న వేసుకోండి: ఈ కథలో మనూరి మనిషికి తన ఇంటి సంగతి ఏదైనా కనపడుతుందా? భూమి పంచాయితీ, పెళ్లి ఖర్చు, వలస, కులం హద్దులో ప్రేమ, తండ్రీకొడుకుల మాట పట్టింపు. ఒకటి బలంగా ఉంటే రెండో వారం ఆశించవచ్చు. ఏదీ లేకపోతే ఓపెనింగ్ వరకే లెక్క కట్టండి. నాలుగు వారాల్లో ఓటీటీలోకి వచ్చే రోజుల్లో 'తర్వాత పుంజుకుంటుంది' అనే మాటకు చోటు లేదు.

హైర్ లెక్క

అంకెలు ఉదాహరణకే, మీ థియేటర్‌వి పెట్టుకోండి. 500 సీట్లు. బాల్కనీ 150, పన్ను పోను 100 రూపాయలు, అంటే 15,000. కింద 350, పన్ను పోను 60 రూపాయలు, అంటే 21,000. ఆట నిండితే నెట్ 36,000. నాలుగు ఆటలకు రోజుకు 1,44,000. ఖర్చు, అంటే కరెంటు, సిబ్బంది, లీజు, డిజిటల్ ఛార్జీ, రోజుకు 15,000 అనుకుందాం, వారానికి 1,05,000.

ఆఫీసువాళ్లు వారానికి 6 లక్షల హైర్ అడిగారు. ఖర్చుతో కలిపి 7,05,000 రావాలి. వారం మొత్తం నిండితే వచ్చేదే 10,08,000. అంటే ఏడు రోజులూ నూటికి 70 సీట్లు నిండాలి. మామూలు సినిమా అలా నడవదు. మొదటి మూడు రోజులు 90 శాతం, మిగిలిన నాలుగు రోజులు 35 శాతం అనుకుంటే 3,88,800, 2,01,600 కలిపి 5,90,400 వస్తుంది. ఖర్చు తీసేస్తే 4,85,400. అందులో నుంచి వాన, కరెంటు, టాక్‌ల కోసం కలెక్షన్‌లో 15 శాతం పక్కన పెడితే మీరు ఒప్పుకోగలిగే హైర్ 4 లక్షల లోపే.

ఇప్పుడు రాజకీయాన్ని ఇందులో పెట్టండి. శనివారం బంద్ పడింది. 1,29,600 పోయింది. సోమవారం నుంచి గురువారం దాకా వచ్చే మొత్తంలో సగం కంటే ఎక్కువ ఆ ఒక్క రోజే పోయిందన్నమాట. అందుకని కాగితం మీద ఒక వాక్యం రాయించుకోండి: బంద్, పోలీసు ఉత్తర్వు, కోర్టు ఉత్తర్వు వల్ల ఆటలు ఆగితే ఆ రోజుల హైర్ దామాషాగా తగ్గించాలి, లేదా ఆగినన్ని రోజులు చివర కలపాలి. ఆడినా ఆడకపోయినా ఇంత ఇస్తామని మినిమం గ్యారంటీ ఇచ్చారంటే ఆ రిస్కంతా మీ నెత్తినే. గాలి సరిగ్గా లేని నెలల్లో కమీషన్ మీద, వెనక్కి వచ్చే అడ్వాన్సుతోనే వేసుకోండి. నోటిమాట ఒప్పందం సినిమా ఆడినప్పుడే చెల్లుతుంది.

రేటు పెంచాలా

2021 డిసెంబరులో వచ్చిన 120 నంబరు జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ 50 నుంచి 150 రూపాయలు, ఏసీ లేని థియేటర్‌లో 30 నుంచి 70, జీఎస్టీ వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల దాకా టికెట్‌కు 5 శాతం, ఆపైన 18 శాతం జీఎస్టీ. కాబట్టి 110 పెట్టడంలో తెలివి లేదు. ప్రేక్షకుడు దాదాపు 130 ఇస్తాడు, మీకు మిగిలేది 100 పెట్టినప్పటి కంటే పది రూపాయలే ఎక్కువ.

పెద్ద సినిమాలకు అదనపు రేటు, తెల్లవారుజాము ఆటలు ప్రభుత్వం ఇస్తే వస్తాయి, వద్దంటే పోతాయి. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ తర్వాత ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ఇకపై అలాంటి అనుమతులు ఉండవన్నారు. మరుసటి నెలలోనే సంక్రాంతి సినిమాకు అనుమతి ఇచ్చారు, జనవరి 11న ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. ఇంత ఊగిసలాట ఉన్న రేటు మీద హైర్ కట్టకండి. మామూలు రేటుకు గిట్టుబాటైతేనే తీసుకోండి. పెంపు వస్తే అది పైన వచ్చిందనుకోండి.

పెంపు వచ్చినా సోమవారం నుంచి పాత రేటుకు దిగమని డిస్ట్రిబ్యూటర్‌ను ముందే ఒప్పించండి. కింది క్లాసు 60 నుంచి 90 చేశారనుకోండి. మామూలు రోజుల్లో నూటికి 35 సీట్లు నిండేచోట 20కి పడిపోతే 2,100 వచ్చే దగ్గర 1,800 వస్తుంది. క్యాంటీన్, బండ్ల స్టాండ్ నష్టం వేరే. ఆదివారం నిండిన హాలు చూసి రేటు అలాగే ఉంచడమే ఇక్కడ అందరూ చేసే తప్పు.

డీసీఆర్ చదవడం

మొత్తం అంకె ఒక్కటే చూడకండి, క్లాసు, ఆట విడదీసి చూడండి. మార్నింగ్ షో నేల నిండి, మ్యాట్నీకి బాల్కనీ ఖాళీగా ఉంటే అభిమానులు తప్ప ఎవరూ రాలేదు. ఆదివారంతో సరి. శనివారం మ్యాట్నీ, ఫస్ట్ షోలకు బాల్కనీ ముందు నిండితే ఆడవాళ్ల నోట మాట బయటికి పోయింది, రెండో వారం అడగండి. సెకండ్ షో ఒక్కటే బాగుంటే కుర్రాళ్ల సినిమా. దానికి మార్నింగ్ షో తీసేసి వేరే సినిమా వేసుకోవచ్చు.

సోమవారం మ్యాట్నీని శుక్రవారం మ్యాట్నీతో పోల్చండి. సగం నిలబడితే ఉంచండి. పావుకు పడితే ఆ రాత్రే ఆఫీసుకు ఫోన్ చేసి శుక్రవారానికి కొత్త సినిమా మాట్లాడుకోండి, గురువారం దాకా ఆగితే మంచి సినిమా పక్క థియేటర్‌కు పోతుంది. మధ్యలో ఉంటే ఆ వారం పేపరు చూడండి: మంగళ, బుధవారాల్లో ధర్నా, పెద్ద సభ, పరీక్ష ఏదైనా ఉందా? ఉంటే ఆ పడిపోవడం సినిమాది కాదు, ఇంకో రెండు రోజులు ఇవ్వండి.

ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాయండి. రోజుకో వరుస: ఆటల వారీ టికెట్లు, రేటు, వాన, ఊళ్లో ఏం జరిగింది. 'సీఎం సభ, మ్యాట్నీ రద్దు', 'వడ్ల పైసలు పడ్డయి', 'కురుమూర్తి జాతర రెండో రోజు' అని నాలుగు మాటలు చాలు. రెండేళ్ల పుస్తకం చేతిలో ఉంటే హైర్ మాట్లాడేటప్పుడు ఆఫీసువాళ్లు నైజాం షేర్ చెప్తారు, మీరు మీ పేజీ తెరిచి చూపిస్తారు.